దుకాణం లెక్కలకు ల్యాప్‌టాప్ : కొనే ముందు తూచవలసినవి

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు మమ్మల్ని పిలిచి, "మీరు రోజూ నలుగురి దుకాణాల లెక్కలు రాసేవాళ్ళు, ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ఏమేమి చూసుకోవాలో మనవాళ్ళకు అరగంట చెప్పండి" అన్నారు. వినడానికి చిన్న విషయమే. కాని ఒకప్పుడు కర్జె హసనా కోసం వచ్చే దరఖాస్తుల్లో కుట్టుమిషను, తోపుడుబండి, వెల్డింగు సెట్టు వుండేవి. ఇప్పుడు వాటి పక్కన ల్యాప్‌టాప్ కూడా చేరింది. కుట్టుమిషను కొంటే తల్లి కుట్టి, కూతురు కుట్టి, నూనె వేస్తూ వుంటే ఇంకా కుడుతూనే వుంటుంది. ల్యాప్‌టాప్‌కు ఆ గుణం లేదు. దానికి వయసు వుంది, ఆ వయసు కొన్న రోజునే కొంతవరకు రాసిపెట్టి వుంటుంది. ఇరవై నాలుగు వాయిదాల అప్పు మీద కొన్న యంత్రం పదో నెలలో మొరాయిస్తే, మిగిలిన పద్నాలుగు వాయిదాలు ఆ ఇంటివాళ్ళు దేనికి కడుతున్నట్టు? వాళ్ళు కట్టలేకపోతే వరుసలో వున్న తరువాతి ఇంటికి సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? అందుకని ఇది ఒకరి గొడవ కాదు, మనందరి గొడవ అనుకునే మేము ఒప్పుకున్నాము.

ముందుగా కొందరికి నచ్చని మాట చెప్పేస్తాము. ఆ యంత్రం గల్లాపెట్టె పక్కనుంచి కదిలే అవసరం లేకపోతే మీకు ల్యాప్‌టాపే అక్కరలేదు. అదే సొమ్ముకు డెస్క్‌టాప్ ఇంకా గట్టిది వస్తుంది, పెద్ద తెర వస్తుంది, కీబోర్డు మీద చాయ్ ఒలికితే కొన్ని వందల రూపాయలతో ఇంకొక కీబోర్డు తెచ్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ మీద చాయ్ ఒలికితే కొన్ని వేలు. అయితే డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఒకటి విడిగా కొనాలి. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్‌కు దాని బ్యాటరీయే యూపీఎస్. పగలు దుకాణంలో, రాత్రి ఇంట్లో, నెలాఖరున ఆడిటరు గారి ఆఫీసులో పని చేసుకునే వాళ్ళకు ల్యాప్‌టాపే సరి. ఇంటి దగ్గరే వుండి రెండు మూడు దుకాణాల పద్దులు రాసే మన ఆడపిల్లలకైతే మరీ మేలు. ఇక్కడి నుంచి చెప్పేదంతా అటువంటి వారి కోసమే.

షాపులో అడుగుపెట్టగానే కుర్రవాడు అడిగే మొదటి ప్రశ్న "బడ్జెట్ ఎంత సార్?" అని. మా దగ్గరికి వచ్చిన వాళ్ళను మేము అడిగే మొదటి ప్రశ్న వేరు. దాని మీద మీరు ఏ పని చేస్తారు? ఒక కాగితం తీసుకుని వాడబోయే ప్రోగ్రాముల పేర్లు రాయండి. దానికి తగిలించబోయే వస్తువులు రాయండి: బిల్లు ప్రింటరు, బార్‌కోడ్ రీడరు, డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్రల యంత్రం, ఏవి వుంటే అవి. ఆ కాగితమే మీకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కావాలో చెబుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ తేలాక యంత్రం సంగతి. మనవాళ్ళలో చాలామంది తలకిందులుగా వెళతారు. మెరిసే యంత్రం ముందు కొంటారు, తరువాత "ఇందులో టాలీ ఎక్కడం లేదేమిటి భాయ్?" అని వస్తారు.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే యంత్రానికీ మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలబడే మేస్త్రీ వంటిది. ఆ మేస్త్రీ పిలిస్తే వచ్చే కూలీలు మాత్రమే మీ పనికి వస్తారు. మన చిన్న వ్యాపారాల్లో పద్దులంటే ఎక్కువగా టాలీయే గదా. 1986లో బెంగుళూరులో గోయెంకా తండ్రీకొడుకులు తమ సొంత వ్యాపారం లెక్కల ఇబ్బంది చూసి మొదలుపెట్టిన పని అది. ఇప్పుడు నడుస్తున్న టాలీప్రైమ్ 2020 నవంబరులో వచ్చింది. అది విండోస్ కోసం తయారైన ప్రోగ్రాము. ఆపిల్ వారి మ్యాక్ మీదగాని, లినక్స్ మీదగాని నేరుగా ఎక్కదు. నెలనెలా అద్దె కట్టి దూరంగా వున్న సర్వరు మీద నడుపుకోవచ్చు, నిజమే. కాని ఇంటర్నెట్ ఆగిన పూట బిల్లు కూడా ఆగుతుంది. రంజాను ముందు వారం బట్టల కొట్టులో బిల్లు ఆగితే ఎలా వుంటుందో ఇక్కడున్న వారికి మేము చెప్పాలా?

జి.ఎస్.టి. సంగతి కొంచెం వేరు. ఆ పోర్టల్ బ్రౌజరులో తెరుచుకుంటుంది కనుక ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా సరే. సొంత పేరు మీద వ్యాపారం చేసేవారు ఫోనుకు వచ్చే ఓటీపీతో రిటర్ను పంపవచ్చు. కంపెనీగా, ఎల్.ఎల్.పి.గా నమోదైన వారికి మాత్రం డిజిటల్ సంతకం తప్పనిసరి. ఆ సంతకం పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో వుంటుంది, దానికి డ్రైవరు అనే చిన్న ప్రోగ్రాము కావాలి. పోర్టల్ వారు ఇచ్చే రిటర్నుల ఆఫ్‌లైన్ టూల్ కూడా విండోస్ మీద నడిచేదే.

ఇక ప్రెస్సు పని. హైదరాబాదు ఛత్తా బజారులో శుభలేఖలు అచ్చు వేసే వారి మాదిరిగానే మన ఊళ్ళల్లోనూ ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను ఫాంట్లతో పేజ్‌మేకర్ వాడేవారు వున్నారు. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో, ఇన్నేళ్ళయినా మన డి.టి.పి. ఆపరేటర్లు దాన్ని వదలలేదు. వదలమని మేమూ అనము, పాత ఫైళ్ళన్నీ అందులోనే వున్నాయి. అను ఫాంట్లతో కొట్టిన పాత తెలుగు ఫైలును ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. అటువంటి పని వున్నవారు విండోస్ దాటి వెళ్ళకండి. ఉత్తరాలు, కొటేషన్లు మాత్రమే రాసుకునే వారికి యూనికోడ్ తెలుగు, ఉర్దూ రెండూ అన్నిటిలోనూ చక్కగా వస్తాయి.

అలాగని విండోస్ తప్ప గతి లేదని చెప్పడానికి మేము రాలేదు. ట్రావెల్స్ టికెట్లు, ట్యూషను సెంటరు ఫీజుల పట్టిక, ఆన్‌లైన్ ఆర్డర్లు - ఇవన్నీ బ్రౌజరులోనో, ఎక్సెల్ లాంటి పట్టికలోనో జరిగే పనులు. వీటికి లినక్స్ బాగా సరిపోతుంది. ఉబుంటు 24.04 అనే రూపం 2024 ఏప్రిల్‌లో వచ్చింది, పైసా ఖర్చు లేదు, ఐదేళ్ళ పాటు మరమ్మత్తులు వస్తాయి. లిబ్రెఆఫీస్ కూడా ఉచితమే. బలం తక్కువైన పాత యంత్రం మీద తేలికగా నడిచే లినక్స్ రకాలు కూడా వున్నాయి. దాని ధర డబ్బులో కాదు, వేరే చోట పడుతుంది. ఏదైనా ఆగిపోతే మన వీధి మెకానిక్కుకు అది తెలిసి వుండదు. ఇంట్లో తెలిసిన పిల్లవాడు ఒకడు వుంటే లినక్స్ చవక. లేకపోతే కాదు.

మ్యాక్ గురించి కూడా అడుగుతారు, ముఖ్యంగా ఫోటోలు, వీడియోలు చేసే కుర్రవాళ్ళు. 2020 నవంబరులో ఆపిల్ వారు తమ సొంత చిప్పు ఎం1తో ల్యాప్‌టాపులు తెచ్చారు. వేడెక్కవు, బ్యాటరీ రోజంతా వస్తుంది, గట్టి వస్తువులు. వాటిలో మెమరీ తరువాత పెంచుకునే వీలు లేదు. ఎంతతో కొంటే అంతే, చివరిదాకా. పాత ఇంటెల్ మ్యాకుల్లో విండోస్ విడిగా ఎక్కించుకునే ఏర్పాటు వుండేది, ఈ కొత్త చిప్పులతో అది పోయింది. వీడియో ఎడిటింగే జీవనోపాధి అయిన వాడికి మ్యాక్ కొనడం తెలివి. టాలీ రాసే అమ్మాయికి అది ఖరీదైన అలంకారం.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వస్తున్నాము. 2015 జూలై 29న వచ్చిన విండోస్ 10కు కంపెనీ వారు 2025 అక్టోబరు 14తో సేవలు ఆపేశారు. వ్యక్తిగతంగా వాడుకునేవారికి కొన్ని షరతుల మీద 2026 అక్టోబరు 13 వరకు రక్షణ మరమ్మత్తులు అన్నారు, అంతే. యంత్రం ఆ రోజున ఆగిపోలేదు. బల్బు వెలుగుతూనే వుంటుంది, టాలీ తెరుచుకుంటూనే వుంటుంది. అందుకే చాలామందికి దాని అపాయం అర్థం కావడం లేదు. తాళం బాగానే పడుతుంది, కాని ఆ తాళానికి మారు తాళంచెవి దొంగలకు దొరికితే తాళం మార్చేవాడు ఇక లేడన్నమాట.

2017 మే 12న వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది. కంప్యూటర్లలో ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు కడితే తీస్తామని తెర మీద రాసింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. గమనించవలసినది ఏమంటే, దానికి మందు రెండు నెలల ముందే, 2017 మార్చిలోనే, కంపెనీ వారు విడుదల చేశారు. ఆ మందు వేసుకున్న యంత్రాల్లోకి పురుగు ఆ దారిన దూరలేకపోయింది. వేసుకోనివీ, మందే అందని పాత రకాలూ దెబ్బతిన్నాయి. ఒక హోల్‌సేల్ కొట్టులో ఎవరు ఎంత బాకీ వున్నారో ఆ పద్దు తాళంలో పడితే, బాకీదారులు వాళ్ళంతట వాళ్ళు వచ్చి కడతారా?

విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరు 5న. అది ఎక్కాలంటే యంత్రానికి కొన్ని అర్హతలు వుండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు వుండాలి, ప్రాసెసరు కంపెనీ జాబితాలో వుండాలి. ఇంటెల్ వారి ప్రాసెసర్లలో, ఒకటి రెండు మినహాయింపులు పక్కన పెడితే, ఎనిమిదో తరం నుంచి మాత్రమే ఆ జాబితాలో వున్నాయి. ఈ లెక్క తెలియకపోవడం వల్లనే పాత యంత్రాల బజారులో మనవాళ్ళ డబ్బు పోతున్నది. తరం ఎలా తెలుస్తుందంటారా? ఐ5-7200యు అని వుంటే మొదటి అంకె 7, అది ఏడో తరం, పనికిరాదు. ఐ5-8250యు అంటే ఎనిమిది, సరే. ఐ3-1215యు అంటే మొదటి రెండు అంకెలు 12, పన్నెండో తరం. షాపువాడు "ఐ5 సార్, ఐ3 కాదు" అని గొప్పగా చెబుతాడు. ఆ ఏడో తరం ఐ5లో వున్నవి రెండు కోర్లు. పన్నెండో తరం ఐ3-1215యులో వున్నవి ఆరు. పాత తాసిల్దారు కంటె కొత్త గుమాస్తా ఎక్కువ ఫైళ్ళు కదిలిస్తాడు. ఐ5 అన్న మాట ఒక్కటే విని ఎప్పుడూ డబ్బు తీయవద్దు.

ఏఎండీ రైజెన్‌లో తిరకాసు ఇంకొక రకంగా వుంది. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు - చూడడానికి అన్నదమ్ములు. ఈ వరసలో లోపలి తయారీ ఏ కాలానిదో చెప్పేది మూడో అంకె. మొదటిదానిలో అది 2, అనగా పాత జెన్ 2 పనితనం, నాలుగు కోర్లు. రెండోదానిలో 3, జెన్ 3, ఆరు కోర్లు. పెట్టె మీద రెండిటికీ "రైజెన్ 5" అనే వుంటుంది. అందుకని బిల్లు రాయించే ముందు పూర్తి నంబరు కాగితం మీద రాయించుకోండి. రాసివ్వడానికి తటపటాయించే షాపు నుంచి లేచి రండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవాలి అన్నదానికి మేము పాటించే పద్ధతి ఒకటి వుంది. తరువాత మార్చుకోవడానికి వీలులేని వాటి మీద ఇప్పుడు ఖర్చు పెట్టాలి, మార్చుకోగలిగిన వాటిని తరువాత చూసుకోవాలి. ప్రాసెసరు మార్చలేము. తెర మార్చడం అయ్యే పనే కాని ఖరీదు. కీబోర్డు, తలుపు బందులు - వీటిని షాపులోనే చేత్తో పట్టి చూడాలి. ఒక మూల పట్టుకుని ఎత్తితే ఒళ్ళంతా వంగే యంత్రం స్కూటరు డిక్కీలో ఎంతకాలం వుంటుంది చెప్పండి.

మెమరీ దగ్గర ఆగి ఆలోచించాలి. కొన్ని యంత్రాల్లో మెమరీ స్లాటులో వుంటుంది, ఎప్పుడైనా పెంచుకోవచ్చు. కొన్నింటిలో బోర్డుకే అతికించి వుంటుంది, పెంచడం అసాధ్యం. ఇందాక చెప్పిన 7520యు యంత్రాల్లో మెమరీ అతికించే వుంటుంది. విండోస్ 11కు కనీసం 4 జీబీ చాలునని కంపెనీ రాసింది. అది ఇల్లు కట్టడానికి కనీసం స్థలం ఎంత అన్నట్టు, కాపురానికి చాలదు. టాలీ, బ్రౌజరులో పది కిటికీలు, వాట్సాప్, ఎక్సెల్ ఒకేసారి తెరిచి కూర్చునేవారికి 8 జీబీ ఇరుకు, 16 జీబీ హాయి. ఇక్కడే చిక్కు. 2025 చివరి నెలల నుంచి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద డేటా సెంటర్లు వాటిని ఎగరేసుకుపోవడమే కారణం. కనుక చేతిలో సొమ్ము తక్కువగా వుంటే 8 జీబీతోనే కొనండి, కాని ఖాళీ స్లాటు వున్న యంత్రమే కొనండి. అతికించిన 8 జీబీ అయితే చవకగా వచ్చినా వదిలేయమంటాము. ఐదేళ్ళు వాడాలనుకునేవారికి అది కుదరదు.

డిస్కు విషయం తేలిక. ఎస్‌ఎస్‌డీ వుండాలి, తిరిగే హార్డ్‌డిస్కు వద్దు. పాత యంత్రానికి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే కలిగే మార్పు ఇంకేది మార్చినా కలగదు. 512 జీబీ దుకాణానికి ధారాళం. కాని సెలెరాన్ ప్రాసెసరు, 4 జీబీ మెమరీ, 64 జీబీ ఈఎంఎంసీ అని చాలా చవకగా వచ్చే యంత్రాల వైపు చూడకండి. విండోస్ 11 నడుస్తుందని వాటి మీద రాసి వుంటుంది, అబద్ధం కాదు. ఒక పెద్ద అప్‌డేట్ వచ్చేసరికి కాలు పెట్టడానికి చోటు వుండదు. పైగా అటువంటి కొన్నిటిలో "ఎస్ మోడ్" అని వుంటుంది, అందులో కంపెనీ స్టోరు నుంచి వచ్చినవి తప్ప బయటి ప్రోగ్రాములు ఎక్కవు. ఆ మోడ్‌ను ఉచితంగానే తీసేయవచ్చు. భయపడి షాపుకు డబ్బు కట్టనక్కరలేదు.

కొత్తగా 2024 జూన్ నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్పుతో విండోస్ ల్యాప్‌టాపులు వస్తున్నాయి. పేరు విన్నదే, మన ఫోనుల్లోనిదే ఆ వంశం. బ్యాటరీ చాలాసేపు వస్తుంది, బరువు తక్కువ. ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాములను అది లోపల అనువాదం చేసుకుని నడుపుతుంది, చాలావరకు నడుస్తాయి. డ్రైవర్లకు మాత్రం ఆ అనువాదం పనిచేయదు. టోకెనుకో, వేలిముద్రల యంత్రానికో, పాత డాట్ మాట్రిక్స్ ప్రింటరుకో ఆ చిప్పు కోసమే విడిగా రాసిన డ్రైవరు వుంటేనే పని జరుగుతుంది. కనుక అది కొనదలిస్తే మీ టోకెను, మీ ప్రింటరు వెంట తీసుకుని షాపుకు వెళ్ళండి. అక్కడే తగిలించి చూపించమనండి. మొహమాటం పడకండి, చీర కొనేటప్పుడు నలభై చీరలు విప్పిస్తాము గదా!

చవక యంత్రం గురించి మరొక మాట. విండోస్ లేకుండా "డాస్" ల్యాప్‌టాప్ అని తక్కువ ధరకు ఇస్తారు. కొన్నాక వీధి చివర కుర్రవాడు ఏదో క్రాక్ చేసిన విండోస్, దానితో పాటే క్రాక్ టాలీ ఎక్కించి కొన్ని వందలు తీసుకుంటాడు. ఆ దొంగ కాపీ లోపల ఏముందో ఎక్కించిన వాడికీ తెలియదు. చాలాసార్లు వాడు మొదట చేసే పని అప్‌డేట్లు ఆపేయడం, ఆపకపోతే దొంగతనం బయటపడుతుందని. అంటే మందు రాకుండా తనే తలుపు మూశాడన్నమాట. మీ బ్యాంకు పాస్‌వర్డు కొట్టేది ఆ యంత్రం మీదే. డాస్ యంత్రం కొంటే లినక్స్ వేసుకోవడానికి కొనండి. విండోస్ కావాలంటే విండోస్‌తోనే కొనండి, విడిగా కొంటే ఇంకా ఎక్కువ అవుతుంది.

కొత్త యంత్రం మొదటిసారి తెరిచినప్పుడు ఈమెయిలు ఖాతా అడుగుతుంది. తొందరలో షాపు కుర్రవాడు తన ఖాతానో, ఏదో ఒక కొత్త ఖాతానో పెట్టి ముగించేస్తాడు. అలా చేయనివ్వకండి. ఇప్పటి యంత్రాల్లో చాలావాటిలో డిస్కు దానంతట అదే తాళం పడుతుంది, ఆ తాళంచెవి అనగా రికవరీ కీ ఆ ఖాతాలోనే దాగి వుంటుంది. ఎప్పుడైనా బోర్డు మార్చితే యంత్రం ఆ కీ అడుగుతుంది. ఖాతా ఎవరిదో తెలియకపోతే మీ డిస్కు మీ చేతిలోనే వున్నా మీది కాదు. ఖాతా యజమాని పేరుతో వుండాలి, ఆ కీని కాగితం మీద రాసి దుకాణం దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టాలి. హోమ్, ప్రో అని విండోస్ రెండు రకాలు. ఒక యజమాని, ఒక యంత్రం అయితే హోమ్ చాలు. దూరం నుంచి ఆ యంత్రంలోకి విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్‌తో రావాలనుకునేవారికి ప్రో కావాలి.

పాతవి కొనేవారి సంగతి. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి తీసేసిన యంత్రాలు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల దొరుకుతాయి. మా అభిప్రాయంలో, చేతిలో సొమ్ము తక్కువున్న కుటుంబానికి అదే ధరకు వచ్చే నాసిరకం కొత్తదాని కంటె ఇటువంటి మంచి జాతి పాతదే మేలు. థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్ వంటివి ఆఫీసు పని కోసం గట్టిగా కట్టినవి, కీబోర్డు మంచిది, విడిభాగాలు దొరుకుతాయి. షరతులు మాత్రం వున్నాయి. ఎనిమిదో తరానికి తక్కువ వద్దు. పదో పదకొండో తరం దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి, ఎందుకంటే రేపు ఇంకొక విండోస్ వస్తే మొదట బయటికి పోయేది ఎనిమిదో తరమే కావచ్చు. షాపులోనే విండోస్ మొదటి నుంచి ఎక్కించి ఇంటర్నెట్‌కు తగిలించమనండి. "ఫలానా కంపెనీకి స్వాగతం" అని తెర మీద వస్తే ఆ యంత్రం ఇంకా పాత యజమాని అదుపులోనే వుంది, వదిలేయండి. బయోస్ పాస్‌వర్డు వుందేమో చూడండి. మ్యాక్ అయితే పాత యజమాని ఐక్లౌడ్ ఖాతా తీసేశాడో లేదో చూడండి. బ్యాటరీ రిపోర్టు తీయించండి, విండోస్‌లోనే ఆ ఆదేశం వుంది. కొత్తప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతుంది అన్నది అంకెల్లో వస్తుంది. సగానికి పడిపోయి వుంటే బ్యాటరీ ఖర్చు తగ్గించి బేరమాడండి.

బిల్లు దగ్గర నిర్లక్ష్యం వద్దు. ల్యాప్‌టాప్ మీద జి.ఎస్.టి. 18 శాతం. రు. 59,000 ఇచ్చి కొన్నారంటే అందులో యంత్రం ధర రు. 50,000, పన్ను రు. 9,000. మామూలు పద్ధతిలో నమోదైన వ్యాపారి తన జి.ఎస్.టి. నంబరు బిల్లు మీద వేయించుకుని, వ్యాపారానికే వాడితే, ఆ తొమ్మిది వేలు తను కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కాంపొజిషన్ స్కీములో వున్నవారికి ఆ వీలు లేదు. "బిల్లు లేకుండా తగ్గించి ఇస్తాం భాయ్" అన్నవాడు తగ్గించేది తన పన్ను. పోయేది మీ సర్దుబాటు, మీ వారంటీ రెండూ.

"నో కాస్ట్ ఈఎంఐ" గురించి మన సభలో చెప్పకుండా వుండలేము. వడ్డీ లేదని నమ్మి తీసుకునేవారు మనలో వున్నారు. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ తెరిచి చూడండి. బ్యాంకు వడ్డీ వేస్తూనే వుంటుంది. అంత సొమ్మును అమ్మేవాడు ముందే ధరలో తగ్గించి లెక్క సరిచేస్తాడు. ఆ వడ్డీ మీద జి.ఎస్.టి. మాత్రం మీ నెత్తిన పడుతుంది. వడ్డీకి దూరంగా వుండాలనుకునే ఇంటివాళ్ళు ఈ సంగతి తెలుసుకుని నిర్ణయించుకోవాలి. మొత్తం సొమ్ము ఒకేసారి కడితే ఎంతకు ఇస్తావని కూడా షాపులో అడగండి. కర్జె హసనా సొమ్ము చేతిలో వున్నవారికి ఆ బేరం చేసే బలం వుంటుంది.

వారంటీ మనిషి మన దుకాణానికి వచ్చి చూసేదా, మనమే పక్క జిల్లాకు మోసుకుపోవాలా అన్నది అడిగి తెలుసుకోండి. పద్దుల నకలు వారానికి ఒకసారి బయటి డిస్కులోకి తీసి, ఆ డిస్కును యంత్రం వున్న చోట కాక ఇంట్లో పెట్టండి.

కార్యవర్గానికి ఒక విన్నపం. ల్యాప్‌టాప్ కోసం వచ్చే దరఖాస్తుతో పాటు ప్రాసెసరు పూర్తి నంబరు, మెమరీ ఎంత, స్లాటు ఖాళీ వుందా, విండోస్ దానితోనే వస్తుందా - ఈ నాలుగూ రాసిన షాపు కొటేషను కూడా అడగండి. ఆ కాగితం చూసి చెప్పడానికి మాకు పది నిమిషాలు చాలు, దానికి రుసుము ఏమీ లేదు. ఆదివారం జొహర్ తరువాత సంఘం కార్యాలయంలోనే వుంటాము. వచ్చేవారు ప్రింటరు మోడలు పేరు కూడా రాసుకుని రండి, అది మరచిపోయి వచ్చేవారే ఎక్కువ.